నడినెత్తిన ఉన్నాయన ఫోను గ్వామ్ మీదుగా ఎందుకొస్తుంది?

బెజవాడ గవర్నర్‌పేటలో ఏ మేడ మీదికైనా ఎక్కి, పొద్దుగూకిన గంటలోపు ఆకాశంలోకి చూడండి. కొన్ని సాయంత్రాల్లో ఒక చుక్క నైరుతి నుంచి ఈశాన్యానికి జారిపోతూ కనిపిస్తుంది. మినుకుమినుకుమనదు, చప్పుడు చేయదు. విమానానికి ఉండే ఎర్రదీపం, పచ్చదీపం దానికి ఉండవు. అదే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. నేలకు సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. మన లెక్కలో చెప్పాలంటే హైదరాబాద్ కంటే దూరం, చెన్నై కంటే కాస్త దగ్గర.

అందులో ఉన్న ఒక వ్యోమగామికి బీసెంట్ రోడ్డు పక్క సందులో మేనత్త ఉందనుకుందాం. కేంద్రం సరిగ్గా బెజవాడ మీదికి వచ్చినప్పుడు ఆయన ఆవిడకు ఫోన్ చేశాడు. నిట్టనిలువునా 400 కిలోమీటర్లే కదా, మాట చిటికెలో వచ్చేయాలి. రాదు. ఆ 'హలో' ముందు ఇంకా పైకి, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. అక్కణ్ణుంచి పసిఫిక్ సముద్రంలోని గ్వామ్ దీవిలో దిగుతుంది. సముద్రం దాటి అమెరికా చేరి, టెక్సస్‌లోని ఒక టెలిఫోన్ ఎక్స్ఛేంజీ గుండా బయటపడి, మళ్ళీ సముద్రాల అడుగున పరిచిన కేబుళ్ళలో భూగోళాన్ని సగం చుట్టి గవర్నర్‌పేట చేరుతుంది. మొత్తం లక్ష కిలోమీటర్ల పైచిలుకు. న్యూజెర్సీలో ఉన్న కొడుకు వాట్సాప్‌లో చేసే ఫోను దీనికంటే ముందే వస్తుంది.

ఇంత చుట్టుదారి ఎందుకు? ఆ దారిలో మాట చెడిపోకుండా ఎలా వస్తుంది?

బెజవాడ నుంచి వెళ్ళినాయనకు ఫోను అక్కర్లేకపోయింది

అంతరిక్షం మనకు మరీ పరాయి చోటేమీ కాదు. విజయవాడలో పుట్టిన పైలట్ గోపీచంద్ తోటకూర 2024 మే 19న బ్లూ ఆరిజిన్ వారి న్యూ షెపర్డ్ రాకెట్‌లో వెళ్ళివచ్చారు. పశ్చిమ టెక్సస్‌లో లేచిన రాకెట్ 100 కిలోమీటర్ల గీత దాటి, మళ్ళీ ఆ పరిసరాల్లోనే దిగింది. అంతా కలిపి పది నిమిషాల వ్యవహారం. ఆ పది నిమిషాలూ రాకెట్ కింద ఉన్నది అదే ఎడారి, అవే యాంటెన్నాలు. ఎదురెదురుగా ఉన్నవాళ్ళ మధ్య రేడియో మాటకు ఏ ఆటంకమూ లేదు.

అంతరిక్ష కేంద్రం సంగతి వేరు. అది సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది. బెజవాడ మీద నుంచి విశాఖ మీదికి ముప్పావు నిమిషం కూడా పట్టదు. 92 నిమిషాలకు ఒకసారి భూమిని చుట్టేస్తుంది. నేల మీద ఒకచోట యాంటెన్నా పెట్టుకుని కూర్చున్నవాడికి అది దిగంతాన పొడిచి, ఆ చివర అస్తమించడానికి మహా అయితే పది నిమిషాలు. ఆ తర్వాత అది మరొకరి ఆకాశంలో ఉంటుంది.

తెలుగు మూలాలున్న రాజా చారి 2021 నవంబరు నుంచి 2022 మే వరకు, 177 రోజులు, ఆ కేంద్రానికి వెళ్ళిన యాత్రలో గడిపారు. నాసా క్రూ-3 బృందానికి ఆయనే కమాండర్. తండ్రి శ్రీనివాస్ చారి ఇంజినీరింగ్ చదువు కోసం హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళినవారు. ఆ ఆరు నెలల్లో కేంద్రం తెలుగు నేల మీదుగా ఎన్నెన్నోసార్లు పోయింది. అయితే ఏ దాటులోనైనా నేరుగా మాట్లాడుకోవడానికి దొరికేది ఆ పది నిమిషాలే.

*బాక్స్: జేబులో ఫోను పైన పనికొస్తుందా?*

*రాదు. సెల్ టవర్ల యాంటెన్నాలు కింద వీధుల్లో ఉన్నవాళ్ళ కోసం కాస్త కిందికి వంచి బిగిస్తారు. ఆకాశంలోకి వెళ్ళే సిగ్నల్ ఫోను కంపెనీల దృష్టిలో దండగ. పైగా పాత 2జీ పద్ధతిలో, మీ మాట టవరుకు చేరడానికి పట్టే సమయాన్ని టవరు లెక్క వేసుకుంటుంది. ఆ లెక్క మామూలుగా 35 కిలోమీటర్ల దాకానే. అంతకంటే దూరం నుంచి వచ్చిన మాట పక్కవాడికి కేటాయించిన క్షణంలోకి చొరబడుతుంది. కేంద్రం వేగం మరో చిక్కు. ఎదురొచ్చే రైలు కూత సన్నగా వినపడి, దాటిపోయాక మొద్దుగా మారినట్టే, ఆ వేగానికి రేడియో తరంగాల పౌనఃపున్యం కూడా జరుగుతుంది. మామూలు ఫోను ఆ జరుగుడును సర్దుకోలేదు.*

పైకెక్కి దిగే దారి

మొదటి రోజుల్లో నాసా ఈ చిక్కును నేల మీదే తీర్చాలని చూసింది. ఖండఖండానా స్టేషన్లు కట్టింది. స్టేషన్ కట్టే వీల్లేని సముద్రాల్లో ఓడలు నిలిపింది. అంతా చేసినా వ్యోమగాములతో సంబంధం ఉండేది కక్ష్యలో కొద్ది భాగంలోనే. మిగతా సమయమంతా నిశ్శబ్దం.

అప్పుడు వచ్చిన ఆలోచన, కిందినుంచి పైకి చూడటం మాని, పైనుంచి కిందికి చూడాలని. భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం ఉంచితే అది భూమితో పాటే, భూమి వేగంతోనే తిరుగుతుంది. నేల మీది యాంటెన్నాకు ఎప్పుడూ ఒకే దిక్కున కనిపిస్తుంది. మన ఇంటి మీది డిష్‌ను ఒకసారి బిగించి వదిలేయగలుగుతున్నాం అంటే కారణం ఇదే. అంత ఎత్తు నుంచి చూస్తే కింద 400 కిలోమీటర్ల ఎత్తున పరుగెత్తే కేంద్రం కక్ష్యలో సగానికి పైగా కంటికి ఆనుతుంది. అలాంటివి రెండు, మూడు ఉంటే ఒకటి కాకపోతే ఇంకొకటి కేంద్రాన్ని చూస్తూనే ఉంటుంది. నాసా ఈ మధ్యవర్తి ఉపగ్రహాల్లో మొదటిదాన్ని 1983 ఏప్రిల్‌లో చాలెంజర్ షటిల్‌తో పంపింది.

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన తిరకాసు ఒకటుంది. ఈ ఉపగ్రహాల మాట వినే ప్రధాన స్టేషన్ అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో, వైట్ శాండ్స్ దగ్గర ఉంది. ఉపగ్రహం ఏదైనా ఆ స్టేషన్‌కు కనిపించేచోటే ఉండాలి. అందుకని ఒకటి అట్లాంటిక్ మీద, ఒకటి పసిఫిక్ మీద పెట్టారు. మరి భూమికి అవతలి వైపు? హిందూ మహాసముద్రం మీద రెండు ఉపగ్రహాలకూ అందని చీకటి పట్టీ ఒకటి మిగిలిపోయింది. బెజవాడ రేఖాంశం పడేది ఆ పట్టీలోనే. ఏళ్ళ తరబడి షటిళ్ళు మన వైపు రాగానే టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో ఉన్న నాసా కేంద్రంతో మాట తెగిపోయేది. ఆ ఖాళీ పూడ్చడానికి ఈ వైపు మీద కూడా ఒక ఉపగ్రహాన్ని ఉంచి, దాని మాట వినడానికి 1998లో గ్వామ్ దీవిలో స్టేషన్ తెరిచారు.

మన మేనత్తకు వచ్చే ఫోను గ్వామ్ మీదుగా రావడానికి కారణం ఇదీ. కేంద్రం కృష్ణా డెల్టా మీద ఉన్నప్పుడు దానికి కనిపించేది ఈ హిందూ మహాసముద్రపు ఉపగ్రహమే. ఆ ఉపగ్రహానికి కనిపించే నాసా స్టేషన్ గ్వామే.

కేంద్రం నుంచి ఉపగ్రహానికి, అక్కణ్ణుంచి గ్వామ్‌కు కలిపి సుమారు 75 వేల కిలోమీటర్లు. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోయే రేడియో తరంగానికి ఇదే పావు సెకను. గ్వామ్ నుంచి అమెరికా మీదుగా బెజవాడకు గాజుతీగల్లో ఇంకో 30 వేల కిలోమీటర్లు వేసుకోండి. గాజులో వెలుతురు వేగం మూడింట రెండు వంతులే కాబట్టి దానికి మరో 0.15 సెకను. మధ్యమధ్య యంత్రాలు తీసుకునే సమయం అదనం. ఒకవైపు ప్రయాణమే అర సెకను దరిదాపు. ప్రశ్న అడిగి జవాబు వినాలంటే సెకను.

మాట ముక్కలయ్యే తీరు

వ్యోమగామి చేతిలో ఉండేది ల్యాప్‌టాప్, చెవికి హెడ్‌సెట్. తెరమీద అంకెల పలక. మౌస్‌తో నంబరు నొక్కడమే. అంటే ఫోను అనేది అక్కడ ఒక వస్తువు కాదు, ఒక సాఫ్ట్‌వేర్.

ఆయన 'అత్తా' అన్నాడు. అనడానికి అర సెకను పట్టింది. ల్యాప్‌టాప్ ఆ శబ్దాన్ని సెకనుకు 8,000 సార్లు కొలిచి అంకెలుగా మార్చింది. ఆ అంకెలను సెకనులో యాభయ్యో వంతుకు ఒక ప్యాకెట్ చొప్పున కట్టింది. అంటే 'అత్తా' అన్న ఒక్క పిలుపు 25 ప్యాకెట్లు. ఒక్కోదానిలో 160 కొలతలు, పైన వరస నంబరు, చేరాల్సిన చిరునామా.

పాత ల్యాండ్‌లైన్ పద్ధతిలో ఇద్దరి మధ్య ఒక దారిని మొత్తంగా బిగించి ఉంచేవాళ్ళు. మీరు మౌనంగా ఉన్నా ఆ దారి మీదే. ఇంటర్నెట్ పద్ధతిలో ప్రత్యేకమైన దారి ఉండదు. పెళ్ళికి వెళ్ళే బంధుబలగం పండిట్ నెహ్రూ బస్టాండులో దొరికిన బస్సు పట్టుకుని విడివిడిగా బయలుదేరినట్టు, ప్యాకెట్లు మిగతా ప్రపంచపు ఈమెయిళ్ళు, సినిమాలు, ఫొటోలతో కలిసి వెళతాయి. కొన్ని ముందు చేరతాయి, కొన్ని ఆలస్యంగా. విడిదిలో ఒక పెద్దమనిషి కూర్చుని నంబర్ల ప్రకారం అందరినీ వరసలో నిలబెడుతుంటాడు. కొద్దిసేపు ఆగుతాడు. అయినా రానివాళ్ళ కోసం ముహూర్తం ఆగదు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు వచ్చినా లెక్కలోకి రారు.

మాటకూ, ఈమెయిలుకూ తేడా ఇక్కడే. ఈమెయిల్లో ఒక ముక్క పోతే మళ్ళీ అడిగి తెప్పించుకుంటారు. సెకను ఆలస్యమైతే కొంప మునగదు. ఫోన్లో అలా అడగబోతే, అడగడానికి అర సెకను, రావడానికి అర సెకను. అప్పటికి వాక్యమే అయిపోతుంది. అందుకని పోయిన ప్యాకెట్‌ను పోయిందనే వదిలేస్తారు. దాని ముందు ప్యాకెట్‌లోని ధ్వనినే కాస్త సాగదీసి ఆ సందు పూడుస్తారు. సెకనులో యాభయ్యో వంతు మాయమైతే చెవికి తెలియదు. వరసగా పది పోతే మాత్రం మాట గరగరలాడుతుంది. చిన్న ముక్కల్ని నిర్మొహమాటంగా వదులుకోగలగడం వల్లే ఇంటర్నెట్ ఫోను అంతరిక్షానికి అంత బాగా నప్పింది.

ఉన్నట్టుండి పూర్తిగా తెగిపోవడం మరో సంగతి. కేంద్రం మీది డిష్ యాంటెన్నా ఉపగ్రహాన్ని గురిచూస్తూ తిరుగుతుండాలి. మధ్యలో కేంద్రం సొంత శరీరమే, ఆ పెద్ద సౌర పలకలే, అడ్డొస్తాయి. ఒక ఉపగ్రహాన్ని వదిలి మరొకదాన్ని పట్టుకునేటప్పుడు కూడా కాసేపు సంబంధం పోతుంది. ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో వ్యోమగాములకు రోజువారీ పనుల పట్టికలోనే కనిపిస్తుంది. దాన్ని చూసుకుని ఇంటికి ఫోన్ చేస్తారు. ప్రాణానికి సంబంధించిన అధికారిక మాటలకు వేరే రేడియో మార్గం ఉంది కనుక ఫోను తెగినా ప్రమాదమేమీ లేదు.

అట్లాంటిస్‌లో అనుమతి, బెజవాడలో నిషేధం

2001 ఫిబ్రవరిలో అట్లాంటిస్ షటిల్ కేంద్రానికి డెస్టినీ ప్రయోగశాలను మోసుకెళ్ళింది. ఆ యాత్రలోనే వ్యోమగాములు ల్యాప్‌టాప్‌లో సిస్కో సాఫ్ట్‌వేర్ ఫోను వాడి కిందికి మాట్లాడారు. తమాషా ఏమిటంటే, అదే రోజుల్లో అదే పని మన దేశంలో చట్టవిరుద్ధం. ఇంటర్నెట్ మీద ఫోన్ మాట్లాడటానికి 2002 ఏప్రిల్ 1 దాకా భారతదేశంలో అనుమతి లేదు. విదేశీ కాల్స్ మీద ఆదాయం పోతుందని భయం. ఆ తర్వాత కూడా కంప్యూటర్ నుంచి విదేశాల్లోని ఫోనుకు చేయవచ్చు గాని, దేశంలోని ఫోనుకు చేయకూడదన్నారు. భూకక్ష్యలో చెల్లినది ఏలూరు రోడ్డు మీద చెల్లకపోవడం వెనక సాంకేతిక కారణం వెతికితే ఏమీ దొరకదు.

అంతకు ముందు తరానికి ఐఎస్‌డీ అనుభవమే ఉంది. అద్దాల బూత్, గోడకు ఎర్ర అంకెల మీటరు, బయట మరో నలుగురు. అమెరికా కాల్స్ చాలావాటికి అప్పట్లో ఉపగ్రహమే దిక్కు. మహారాష్ట్రలోని ఆర్వీలో 1971లో నెలకొల్పిన భూకేంద్రం ద్వారా మాట 36 వేల కిలోమీటర్లు ఎక్కి దిగేది. రిసీవర్లో తన గొంతు తనకే తిరిగి వినపడటం, ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఆగిపోవడం పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఇవాళ వ్యోమగామి ఫోను ఎత్తిన తల్లిదండ్రులకు ఎదురయ్యేదీ దాదాపు ఆ తడబాటే. మనకు సముద్రగర్భ కేబుళ్ళు వచ్చి ఆ బాధ తప్పింది. కేంద్రానికి కేబులు వేయలేరు కదా.

తొమ్మిది నొక్కితే బయటి లైను

గవర్నర్‌పేటలో ఏ పెద్ద ఆఫీసులోనైనా లోపలి ఫోన్ల నుంచి బయటికి మాట్లాడాలంటే ముందు సున్నా గాని తొమ్మిది గాని నొక్కాలి. అంతరిక్ష కేంద్రంలోనూ అంతే. టెలిఫోన్ లెక్కలో ఆ కేంద్రం హ్యూస్టన్‌లోని జాన్సన్ స్పేస్ సెంటర్ ఎక్స్ఛేంజీకి ఒక ఎక్స్‌టెన్షన్. అక్కడి ఉద్యోగి బల్ల మీది ఫోనుకూ, 400 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ల్యాప్‌టాప్‌కూ ఆ యంత్రం దృష్టిలో పెద్ద తేడా లేదు.

డచ్ వ్యోమగామి ఆండ్రే కైపర్స్ చెప్పిన ముచ్చట దీనికి సరిపోతుంది. బయటి లైనుకు 9, విదేశీ కాల్‌కు 011 నొక్కాలి. మధ్యలో సున్నా జారింది. మిగిలింది 911. అమెరికాలో అది పోలీసుల, అంబులెన్సుల అత్యవసర నంబరు. ఆ కాల్ హ్యూస్టన్ కేంద్రం నుంచే వచ్చినట్టు కనబడింది కాబట్టి అక్కడి భద్రతా సిబ్బంది అంతరిక్ష కేంద్రంతో సంబంధమున్న గదికి వెళ్ళి వెతికారట. మర్నాడు కైపర్స్‌కు ఈమెయిల్: 911కి ఫోన్ చేశారా అని.

బ్రిటన్ వ్యోమగామి టిమ్ పీక్ 2015 క్రిస్మస్ ముందు రోజు ఇంటికి చేయబోయి ఎవరో పెద్దావిడకు చేశాడు. 'హలో, ఇది భూగ్రహమేనా' అని అడిగాడు. ఆ తర్వాత ట్విటర్‌లో క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ మాట విన్నవాళ్ళెవరైనా ఆకతాయి పనే అనుకుంటారు. వెనక్కి చేసి కనుక్కుందామన్నా కుదరదు. పైనుంచి కిందికి చేయవచ్చు గాని, కింద ఉన్నవాళ్ళు నంబరు నొక్కి పైకి చేయలేరు.

'హలో... వినపడుతోందా?'

ఒకరు ఆపగానే ఇంకొకరు అందుకోవడానికి మామూలు మాటల్లో పట్టే విరామం ఐదో వంతు సెకను. ప్రపంచంలో అనేక భాషల మీద చేసిన పరిశీలనలో తేలినది ఇదే. అందుకే టెలిఫోన్ నిపుణులు ఒకవైపు ఆలస్యం 0.15 సెకను లోపు ఉంటే మంచిదంటారు. 0.4 సెకను దాటకూడదని అంతర్జాతీయ టెలికాం సంఘం సూచన. అంతరిక్షపు ఫోను ఆ హద్దు మీద, తరచు దానికి అవతల ఉంటుంది.

దాంతో ఏమవుతుందంటే, మేనత్త ఫోనెత్తి 'హలో' అంటుంది. అవతల మౌనం. 'హలో, ఎవరండీ?' అంటుంది. సరిగ్గా అప్పుడు మొదటి హలోకు ఆయన జవాబు వచ్చి రెండో ప్రశ్న మీద పడుతుంది. ఇద్దరూ ఆగుతారు, మళ్ళీ ఇద్దరూ మొదలుపెడతారు. తెలియని నంబరు, ఎత్తగానే మౌనం. ఇది ఈ రోజుల్లో క్రెడిట్ కార్డులు అంటగట్టే కాల్స్ లక్షణం. పెట్టేసేవాళ్ళను తప్పుపట్టలేం. అలవాటైన కుటుంబాలు ఒకరు పూర్తిగా చెప్పడం, కాస్త ఆగడం, ఇంకొకరు చెప్పడం అనే పద్ధతికి వస్తాయి.

*బాక్స్: చుట్టుదారి లేని మాట*

*నేరుగా మాట్లాడే పద్ధతి ఒకటి ఇప్పటికీ ఉంది: హామ్ రేడియో. కేంద్రంలో ఒక హామ్ సెట్ ఉంది. కేంద్రం దిగంతం మీదికి రాగానే లైసెన్సున్న హామ్ యాంటెన్నాను దానివైపు తిప్పుతూ మాట్లాడతారు. ఉపగ్రహం లేదు, ఎక్స్ఛేంజీ లేదు, ఆలస్యం వెయ్యో వంతు సెకన్లలోనే. కాకపోతే పది నిమిషాల్లోపే ముగించాలి. 2025 జులైలో భారత వ్యోమగామి శుభాంశు శుక్లా బెంగళూరులోని యూఆర్ రావు ఉపగ్రహ కేంద్రంతో ఇలాగే మాట్లాడారు. హామ్‌లకు ఇక్కడ మంచి వారసత్వమే ఉంది. హైదరాబాద్‌లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. హామ్‌ల కోసమే ఇస్రో చేసిన హామ్‌శాట్ 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరింది.*

దారి కుదించాలంటే

ఆలస్యంలో పెద్ద వాటా ఎత్తుదే. మధ్యవర్తి 36 వేల కిలోమీటర్ల మీద కాకుండా కిందే ఉంటే? 2024 సెప్టెంబరులో పొలారిస్ డాన్ యాత్ర ఇది చేసి చూపింది. స్టార్‌లింక్ ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున వేల సంఖ్యలో తిరుగుతుంటాయి. ఆ యాత్రలో డ్రాగన్ నౌక వాటితో లేజర్ కాంతి ద్వారా సంబంధం పెట్టుకుంది. యాత్రికుల్లో ఒకరైన సారా గిలిస్ అక్కడ వయొలిన్ వాయించిన వీడియో ఆ దారినే కిందికి వచ్చింది. ఒక ఉపగ్రహం నుంచి పక్కదానికి, దాన్నుంచి ఇంకోదానికి అందుకుంటూ వెళితే, మొత్తం దూరం కొన్ని వేల కిలోమీటర్లకు తగ్గుతుంది. కష్టమల్లా గురిలో ఉంది. రెండూ సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో పోతుంటే, వెంట్రుకలాంటి కాంతిరేఖ ఒకదాని నుంచి మరొకదాని కంట్లో పడాలి, పడుతూనే ఉండాలి. ఒకటి చేజారేలోపు రెండోదాన్ని పట్టుకోవాలి.

శ్రీహరికోట నుంచి మనుషులతో లేవబోయే గగన్‌యాన్ కోసం ఇస్రో ఎంచుకున్నది పాత, గట్టి మార్గం. భూస్థిర కక్ష్యలో సొంత మధ్యవర్తి ఉపగ్రహాలు రెండు ఉంచాలని ప్రణాళిక. వాటికి తోడు నేల స్టేషన్లు, సముద్రంలో ఓడలు, ఆస్ట్రేలియాకు చెందిన కోకోస్ దీవుల్లో తాత్కాలిక స్టేషన్. నాసా ఒకదాని తర్వాత ఒకటిగా నేర్చుకున్న రెండు పద్ధతులనూ ఇస్రో ఒకేసారి వాడుతోంది. మొదటి యాత్రకు ఈ జాగ్రత్త సరైనదేనని నా అభిప్రాయం. లేజర్ సొగసు తర్వాత చూసుకోవచ్చు.

ఆ రెండింటిలో ఒక ఉపగ్రహం హిందూ మహాసముద్రం మీద ఉండి, దాని మాట భారతదేశంలోనే దిగితే మన లెక్క మారుతుంది. గ్వామ్ పోతుంది, పసిఫిక్ పోతుంది, హ్యూస్టన్ ఎక్స్ఛేంజీ పోతుంది. పైకి 36 వేలు, కిందికి 36 వేలు, ఆపైన మన దేశం లోపలి గాజుతీగల్లో వెయ్యి కిలోమీటర్లో, అంతకు తక్కువో. అర సెకను కాస్తా పావు సెకనుకు వస్తుంది. నిపుణులు పెట్టిన 0.4 హద్దులోకి దిగుతుంది గాని, హాయిగా మాట్లాడుకునే 0.15 లోకి మాత్రం రాదు. ఉపగ్రహం అంత ఎత్తున ఉన్నన్నాళ్ళు ఆ పావు సెకనును ఏ ఇంజినీరూ తగ్గించలేడు.